ఎస్ఓపీకి రివర్స్ అవుట్‌లైన్: నాలుగు సీజన్లు వాడాక

ముందు డ్రాఫ్ట్ రాసేసి, అందులోంచి వెనక్కి అవుట్‌లైన్ తీయడమే రివర్స్ అవుట్‌లైన్. కొత్త విద్యేమీ కాదు. యూనివర్సిటీల రైటింగ్ సెంటర్లు ఎప్పటినుంచో చెబుతున్నదే. మాస్టర్స్, పీహెచ్‌డీ దరఖాస్తుల ఎస్ఓపీలను (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం చదవాలనుకుంటున్నామో, ఎందుకో చెప్పే వ్యాసం) దిద్దడానికి నాలుగు అడ్మిషన్ సీజన్లుగా దీన్ని వాడుతున్నాం. టెంప్లేట్లు, గ్రామర్ చెకర్లు, చాట్‌బాట్‌లు అన్నీ చూశాక, అసలు లోపాలను పట్టించింది ఇదే. అయిదుకు నాలుగు మార్కులు వేస్తాం. తగ్గిన ఆ ఒక్కటి ఎందుకో కింద ఉంది.

కావాల్సినవి ఒక స్ప్రెడ్‌షీటు, ఓ నలభై నిమిషాలు. డ్రాఫ్టును కనీసం రెండు రోజులు పక్కన పడేశాకే మొదలుపెట్టాలి. రాసిన రాత్రే కూర్చుంటే కాగితం మీద ఉన్నది వదిలేసి మనసులో ఉన్నది చదువుతాం. ఒక్కో పేరాకు ఒక వరుస, వరుసకు అయిదు గడులు: పేరా నంబరు, ఎన్ని పదాలు, ఏం చెబుతోంది, దానికి రుజువేంటి, తర్వాతి పేరాతో లంకె ఏంటి. "ఏం చెబుతోంది" గడిలో ఎనిమిది పదాలు దాటకూడదు. అది కూడా తెలుగులోనే నింపాలి. ఇంగ్లిషులో నింపితే చెయ్యి తనంతట తానే పేరాలోని మొదటి వాక్యాన్ని కాపీ కొట్టేస్తుంది. తెలుగులో చెప్పాల్సి వస్తే ఆ బరువైన విశేషణాలన్నీ రాలిపోతాయి. ఎంతసేపు ఆలోచించినా గడి నిండలేదంటే ఆ పేరాలో సరుకు లేదని తేలిపోయినట్టే.

మొత్తం పద్ధతికి ప్రాణం రుజువు గడి. "పరిశోధన మీద ఆసక్తి ఉంది" అన్న పేరాకు ఎదురుగా "ప్రాజెక్టు చేశాను" అని రాస్తే అది రుజువు కాదు, ఆ ముక్క రెజ్యూమేలో ఎలాగూ ఉంటుంది. గడిలో మూడు రకాల సరుకులో కనీసం రెండు పడాలి: ఒక అంకె, ఒక చిక్కు, ఆ చిక్కు దగ్గర తీసుకున్న ఒక నిర్ణయం. ఉదాహరణకు, నేల తేమ కొలిచే ప్రాజెక్టు అనుకుందాం. "సెన్సర్లు పెట్టి డేటా సేకరించాను" అంటే ఎవరైనా రాయగలరు. "పన్నెండు సెన్సర్లలో మూడు, ఎండ పెరిగినకొద్దీ తేమ పెరిగినట్టు చూపించాయి, ఆ రీడింగులను పారేయకుండా ఉష్ణోగ్రతను బట్టి సవరించాను, ఎందుకంటే పారేస్తే మధ్యాహ్నపు డేటా మొత్తం పోయేది" అని రాస్తే ఆ మనిషి ల్యాబులో ఎలా ఆలోచిస్తాడో అడ్మిషన్ కమిటీకి కనబడుతుంది. మామూలుగా మొదటి డ్రాఫ్టులో సగం రుజువు గడులు ఖాళీగానే తేలతాయి. కంగారు పడక్కర్లేదు, ఏం రాయాలో ఆ ఖాళీలే చెబుతాయి.

లంకె గడిలో ఒకటే నియమం. అక్కడ "అందుకే" గానీ "కానీ" గానీ పడాలి. "ఆ తర్వాత" అనేది రెండుసార్లు మించి వచ్చిందంటే చేతిలో ఉన్నది రెజ్యూమేకి వాక్యాలు తొడిగిన రూపం.

పదాల లెక్క మొదట్లో అనవసరం అనిపిస్తుంది గానీ ఎక్కువమందికి షాక్ ఇచ్చేది ఆ గడే. వెయ్యి పదాల ఎస్ఓపీలో ప్రారంభానికి ఎనభై నుంచి వంద, చేసిన పనికి నాలుగు వందల దాకా, ఇకపై తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్నకు రెండు వందలు, ఆ డిపార్ట్‌మెంటే ఎందుకు అన్నదానికి ఇంకో రెండు వందలు, మిగిలింది ముగింపుకు. ఇది మా వాడకంలో కుదిరిన కొలత, శాసనం కాదు. చాలా డ్రాఫ్టుల్లో "చిన్నప్పటి నుంచీ నాకు" పేరా ఒక్కటే రెండు వందల యాభై మింగేస్తుంది. భవిష్యత్తు ప్రశ్నకు అరవై పదాలు మిగులుతాయి.

"ఇక్కడే ఎందుకు" పేరాకు అదనంగా ఒక పరీక్ష ఉంది. యూనివర్సిటీ పేరు తీసి ఇంకోటి పెట్టండి. పేరా చెక్కుచెదరకుండా నిలబడితే అది వృథా. ఇద్దరు, ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు చాలు. అయితే పేరుతో ఆగకుండా, వాళ్ల పనిలో ఏ ముక్క మన ప్రశ్నకు తగులుతుందో రాయాలి. రాసేముందు వాళ్ల సొంత పేజీ చూడాలి: రిటైరయ్యారా, వేరే చోటికి మారారా, కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా అని. డిపార్ట్‌మెంట్ జాబితాలు ఒక్కోసారి పాతబడి ఉంటాయి.

రెండు పత్రాలు అడిగే చోట ఈ పద్ధతి మరీ బాగా పనిచేస్తుంది. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌తో పాటు పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ కూడా అడుగుతారు. రెండింటి పట్టికలను పక్కపక్కన పెడితే ఒకే సంఘటనను రెండుచోట్లా వాడేసిన సంగతి వెంటనే బయటపడుతుంది. మొదటిది చేసిన పని, చేయబోయే పని గురించి; రెండోది ఇక్కడిదాకా వచ్చిన దారి గురించి.

ఇక లోపాలు. మూడోసారి నింపేటప్పటికి గడులన్నీ జ్ఞాపకం నుంచి నిండిపోతాయి, పేరా చదవకుండానే. మన సబ్జెక్టు తెలియని ఒకరికి పట్టిక చూపించకుండా డ్రాఫ్టు ఇచ్చి "ఏం చెబుతోంది" గడులు వాళ్లచేత రాయించుకోవడమే దీనికి విరుగుడు. వాళ్ల జవాబుకూ మన జవాబుకూ పొంతన లేని పేరాలను మళ్లీ రాయాలి. ఈ పని చాట్‌బాట్‌కు అప్పగించి చూశాం, కుదరలేదు. పేరాలో లేని లంకెను అదే పూరించి "చక్కగా కలిసింది" అంటుంది. పైగా ఏఐ వాడకం మీద చాలా ప్రోగ్రాములకు సొంత నియమాలున్నాయి, అవి ముందే చదువుకోవాలి. ఇంకో లోపం: పట్టికకు అలవాటు పడితే పేరాలన్నీ ఒకే సైజులో, ఇటుకలు పేర్చినట్టు తయారవుతాయి. అయిదు వందల పదాల లోపు ఎస్ఓపీకైతే ఇంత తంతు దండగ, మార్జిన్‌లో పెన్సిలు గీతలు చాలు.

భాషాదోషాలు దీనికి అస్సలు దొరకవు. మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి "ఎ", "ద" దగ్గర తడబడతాం, వాటికి గ్రామర్ చెకర్ పనికొస్తుంది. కానీ ప్రయోగ పద్ధతి చెప్పే కర్మణి వాక్యాలను కూడా అది తప్పుపడుతుంది, అన్నిటికీ తలూపకండి. వర్డ్‌లోని రీడ్ అలౌడ్‌తో ఒకసారి వినిపించుకుంటే కళ్లు దాటేసిన పదాలు చెవికి తగులుతాయి.

అప్‌లోడ్‌కు ముందు, ఇదే డ్రాఫ్టు పంపిన వెనకటి యూనివర్సిటీ పేరు ఎక్కడైనా మిగిలిందేమోనని కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతకాలి, పొట్టి పేర్లతో సహా. ఫైలు కాకుండా పెట్టెలో పేస్ట్ చేయమంటే ఇటాలిక్స్ పోతాయి, వంపు కొటేషన్ గుర్తులు కొన్నిచోట్ల పిచ్చి అక్షరాలవుతాయి. అక్షరాల పరిమితి ఉన్న పెట్టెలు ఖాళీలనూ, పేరా విరుపులనూ లెక్కలో కలుపుకోవచ్చు. అందుకని పరిమితికి ఇరవై ముప్ఫై అక్షరాలు తక్కువలోనే ఆపి, ప్రివ్యూ పీడీఎఫ్‌లో ఆఖరి వాక్యం తెగిపోలేదని చూసుకున్నాకే సబ్మిట్ నొక్కండి.