పేరు గొప్ప, విందు చప్ప

"పొలం నుంచి నేరుగా పళ్లెంలోకి" అని గుమ్మం మీదా, మెనూలో ప్రతి పుటలోనూ రాసుకున్న రెస్టారెంటులో కనీసం కూరగాయలైనా మిగతా చోట్ల కంటే రుచిగా ఉంటాయని ఎవరైనా ఆశిస్తారు. మొదట వడ్డించిన టమాటా సలాడ్‌తోనే మాకు ఆ ఆశ సన్నగిల్లింది. ముక్కలు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. గుజ్జు పిండిపిండిగా, నడిమి భాగం తెల్లగా ఉంది, వాసన అసలే లేదు. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో రోజుల తరబడి ఉంచిన టమాటాలో సువాసననిచ్చే పదార్థాలు తగ్గిపోతాయి కనుక, అది ఆ ఉదయమే కోసిన కాయ అంటే నమ్మడం కష్టం. తీపి మొక్కజొన్న సంగతి మరీ అన్యాయం. కోసినప్పటి నుంచే అందులోని చక్కెర పిండిపదార్థంగా మారుతుంది కాబట్టి ఆలస్యాన్ని అది దాచలేదు. మా పళ్లెంలోని గింజలు చప్పగా ఉండి, వాటి తొక్క పంటికి అంటుకుంది. ఏ పొలానివని అడిగితే, వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్లి వచ్చి, "దగ్గర్లోవేనండి" అని మర్యాదగా చెప్పాడు. రొట్టె, వెన్న బాగున్నాయి (వాటికి మెనూలో ఏ పొగడ్తా లేదు). బిల్లు చూస్తే మాత్రం "తాజా" అన్న విశేషణానికి విడిగా వెల కట్టినట్టు అనిపించింది. పొలం పేరు, కోసిన రోజు పలకపై రాసిపెట్టే వరకు మళ్లీ అక్కడికి వెళ్లే ఉద్దేశం నాకు లేదు.