గ్రూప్ ప్రాజెక్టులో ఎవరి కష్టం ఎంత: వెబ్‌పీఏ పద్ధతి నాలుగేళ్లు వాడాక

హనుమకొండలో ఉండి దూరవిద్య బీకాం వాళ్లకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తాను. వాళ్లలో భూపాలపల్లి గనుల్లో షిఫ్టు చేసేవాళ్లున్నారు, ములుగు, పరకాల వైపు ఇల్లు చూసుకుంటూ చదివే ఆడవాళ్లున్నారు. మొదట్లో నలుగురికో ప్రాజెక్టు ఇచ్చి, రిపోర్టుకు ఎంత పడితే నలుగురికీ అంతే వేసేదాన్ని. ఒక బ్యాచ్‌లో ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడం, రాత్రిళ్లు కూర్చుని చేసింది నేను, పేరు పెట్టించుకున్నోళ్లకూ నా మార్కులేనా?" అని ఏడ్చింది. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

తర్వాత వెబ్‌పీఏ మొదలుపెట్టాను, అంటే గ్రూపులోవాళ్లే ఒకరి పనికి ఒకరు పాయింట్లు ఇచ్చుకునే పద్ధతి. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, నేను మాత్రం దాని లెక్కను గూగుల్ షీట్‌లో పెట్టుకున్నాను. ప్రతి ఒక్కరూ తనతో కలిపి నలుగురికీ 100 పాయింట్లు పంచాలి, ఎవరికెంత ఇచ్చారో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఒకరికి వచ్చినవన్నీ కలిపి 100తో భాగిస్తే అందరూ సమానంగా చేసినచోట 1 వస్తుంది. రిపోర్టుకు 20కి 14 పడితే సగం, అంటే 7, అందరికీ ఖాయం, మిగతా 7ను ఆ అంకెతో గుణిస్తాను. 1.2 వచ్చినవాళ్లకు 15.4, 0.5 వచ్చినవాళ్లకు 10.5. ఇట్లా చూపిస్తే గొడవపడేవాళ్లు కూడా ఒప్పుకున్నారు.

లెక్క సులువే, మొహమాటమే కష్టం. మొదటి ఏడాది సగం గ్రూపులు 25, 25, 25, 25 రాసి పంపాయి. ఎవరు ఏం చేశారో ఒక్క వాక్యం రాయాల్సిందే అన్నాక కొంత మారింది, కానీ నలుగురూ ముందే మాట్లాడుకుంటే ఈ పద్ధతితో పట్టుకోలేం.

గూగుల్ డాక్స్‌లో ఎవరు ఎప్పుడు ఏం రాశారో చూపించే వెర్షన్ హిస్టరీ చూస్తే చాలదా అని తోటి లెక్చరర్లు అడుగుతారు. నేనూ అట్లనే అనుకుని ఒకరికి అన్యాయం చేశాను. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరల మీద ప్రాజెక్టు. ఒకతను తెల్లవారుజామునే యార్డుకు పోయి రైతులతో, కమీషన్ ఏజెంట్లతో మాట్లాడి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపితే ఇంకొకరు టైప్ చేశారు. అతనికి ల్యాప్‌టాప్ లేదు, డాక్యుమెంట్‌లో అతని పేరు మీద ఒక్క లైను కూడా లేదు. హిస్టరీ చూసి తక్కువ వేశాను, ముగ్గురూ కలిసి చెప్తే దిద్దాను. అప్పటి నుంచి ఆ హిస్టరీని గొడవ వచ్చినప్పుడే తెరుస్తున్నాను.

నిజంగా పనికొచ్చిన మార్పు ఇంకోటి. చివర్లో ఒక్కసారే కాకుండా మూడో వారంలో కూడా పాయింట్లు పంచే ఒక రౌండ్ పెడుతున్నాను, దాన్ని మార్కుల్లో కలపను. మొన్నటి బ్యాచ్‌లో గని కార్మికుడొకతనికి ఆ రౌండ్‌లో 0.6 వచ్చింది. పిలిచి అడిగితే, గ్రూపు మీటింగు పెట్టే సాయంత్రాలే అతనికి డ్యూటీ అని తెలిసింది. మిగతావాళ్లు మీటింగును ఆదివారానికి మార్చుకున్నారు, చివరి రౌండ్‌లో అతనికి 1.05 వచ్చింది.