హాడ్జ్, జడ్, బాల్: 2001లో మొదటి పిక్ ఎవరికి దక్కాల్సింది?

మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ (అక్కడ దాని అర్థం ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట) మాట మొదలైతే పాతికేళ్ల నాటి ఒక పంచాయితీ ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుంది. డ్రాఫ్ట్ అంటే క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి, ఒక్కో వంతు ఒక పిక్. 2001 నవంబరు డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ హాథోర్న్ క్లబ్బు చేతిలో ఉంది. అందరి నోటా వినిపించిన పేర్లు మూడు: ల్యూక్ హాడ్జ్, ల్యూక్ బాల్, క్రిస్ జడ్. హాథోర్న్ హాడ్జ్‌ను తీసుకుంది. రెండో వంతు సెయింట్ కిల్డాది, అది బాల్‌ను కోరుకుంది. మిగిలిన జడ్‌ను మూడో వంతులో పెర్త్ క్లబ్బు వెస్ట్ కోస్ట్ ఎగరేసుకుపోయింది. మూడేళ్లు తిరక్కుండానే ఆ జడ్ లీగ్‌లో అత్యున్నతమైన బ్రౌన్‌లో పతకాన్ని మెడలో వేసుకున్నాడు. మొదటి రెండు క్లబ్బులకూ కళ్లు లేవా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది, ఇంకా చావలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ముగ్గురిలో గొప్ప ఆటగాడు జడ్. అయినా ఆ రోజు హాథోర్న్ కుర్చీలో నేను కూర్చుని ఉంటే హాడ్జ్ పేరే చదివేవాడిని.

ఈ ఆట చూడని వారి కోసం రెండు మాటలు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను క్రికెట్ మైదానం మీదే ఆడతారు. ఒక్కో జట్టుకు పద్దెనిమిది మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, విసరకూడదు. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒకటి. కొత్త కుర్రాళ్లను పంచుకునే పద్ధతి మన ఐపీఎల్ వేలంలా డబ్బుతో నడవదు. పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టుకు ముందు వంతు, గెలిచిన జట్టుకు చివరి వంతు. కుర్రాడికి తన క్లబ్బును ఎంచుకునే హక్కు ఉండదు. మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగినవాడు పెర్త్ పేరు వినబడితే సామాను సర్దుకోవాల్సిందే.

2001లో ఆ అట్టడుగు జట్టు పెర్త్‌కు చెందిన ఫ్రీమాంటిల్. ఆ ఏడాది మొత్తంలో రెండంటే రెండు మ్యాచ్‌లు గెలిచింది. మొదటి పిక్ న్యాయంగా దానిదే. కానీ ఎదిగే కుర్రాడి కోసం ఎదురుచూసే ఓపిక లేక 1, 20, 36 నంబర్ల పిక్‌లను హాథోర్న్‌కు ఇచ్చేసి, బదులుగా హాథోర్న్ ఆటగాళ్లు ట్రెంట్ క్రోడ్, ల్యూక్ మెక్‌ఫార్లిన్‌లను తెచ్చుకుంది. ప్రిలిమినరీ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) దాకా వెళ్లిన హాథోర్న్‌కు మొదటి పిక్ దక్కిన కథ ఇది. ఈ మూడు నంబర్లనూ, ముఖ్యంగా చివరిదాన్నీ, గుర్తుపెట్టుకోండి.

ముందు జడ్ సంగతి. ఆట ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు ఆ రోజుల్లో అంపైర్ బంతిని నేలకేసి కొట్టేవాడు, అది పైకి లేచేది. ఇద్దరు పొడగరులు గాల్లోకి ఎగిరి దాన్ని తమవాడి వైపు తట్టేవారు. కింద ఎనిమిది, పది మంది భుజాలు భుజాలు రాసుకుంటూ కాచుకుని ఉండేవారు. బంతి చేతికి అందిన మామూలు ఆటగాడు ఆ గుంపులోంచి ఎలాగోలా ఒకడికి అందించి ఊపిరి పీల్చుకుంటాడు. జడ్ అలా చేసేవాడు కాదు. బంతి అందేసరికే అతని మొదటి అడుగు పడిపోయి ఉండేది. మూడో అడుగుకు గుంపు వెనకబడేది, అయిదో అడుగుకు ముందంతా ఖాళీ మైదానం. పాత వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే, అతన్ని పట్టుకోబోయిన చేతులు అతని వెనుక గాలిని పట్టుకుంటూ కనిపిస్తాయి. ఇది నేర్పితే వచ్చే విద్య కాదు.

ఫలితాలు కూడా ఆ స్థాయిలోనే ఉన్నాయి. 2004లో ఒక బ్రౌన్‌లో పతకం, మెల్‌బోర్న్ క్లబ్బు కార్ల్‌టన్‌కు మారాక 2010లో మరొకటి. 2005 గ్రాండ్ ఫైనల్లో, అంటే కప్పు ఎవరిదో తేల్చే మ్యాచ్‌లో, వెస్ట్ కోస్ట్ నాలుగు పాయింట్ల తేడాతో సిడ్నీ చేతిలో ఓడినా, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం ఓడిన జట్టులోని జడ్‌కే ఇచ్చారు. మరుసటి ఏడాది అదే సిడ్నీని ఒక్క పాయింటుతో ఓడించినప్పుడు కెప్టెన్ అతనే. లీగ్ ఏటా ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో ఆరుసార్లు చోటు దక్కించుకున్నాడు. హాడ్జ్‌కు ఆ గౌరవం దక్కింది మూడుసార్లే, బ్రౌన్‌లో పతకం ఒక్కసారీ దక్కలేదు. కాగితం మీద పోటీయే లేదు.

మరి ఎందుకు తీసుకోలేదు? భుజాల వల్ల. డ్రాఫ్ట్ నాటికే జడ్ భుజాలకు శస్త్రచికిత్సలు జరిగాయి. రోజూ ఢీకొట్టుకునే ఈ ఆటలో పద్దెనిమిదేళ్లకే కుట్లు పడిన భుజం అంటే ఎంపిక చేసేవాడికి నిద్ర పట్టదు. ఆ భుజాలు అన్నేళ్లు నిలబడతాయని ఇవాళ మనకు తెలుసు. చివరికి 2015లో అతని ఆటను ఆపింది మోకాలు. కానీ ఆ నవంబరులో ఈ భవిష్యత్తు ఎవరి జేబులోనూ లేదు. తెలిసినదాన్ని బట్టే ఎంపికను తూచాలి. తర్వాత తేలినదాన్ని పట్టుకుని తిడితే అది అన్యాయం.

హాడ్జ్ మెల్‌బోర్న్‌కు నూట యాభై కిలోమీటర్ల దూరంలోని కోలాక్ అనే పల్లెటూరి పట్నం కుర్రాడు. ఎడమకాలి ఆటగాడు. అతని ఆటలో కళ్లు జిగేల్మనిపించే అడుగు ఏదీ లేదు. ఉన్నదల్లా బంతి ఎక్కడ పడబోతుందో ముందే పసిగట్టే చూపు, ఎంతటివాడొచ్చి గుద్దినా చెదరని ఒడ్డూ పొడుగూ, వెనకా మధ్యా ముందూ ఎక్కడ నిలబెట్టినా ఆడగలిగే నేర్పు. హాథోర్న్‌లో అప్పటికే షేన్ క్రాఫర్డ్ ఉన్నాడు. 1999 బ్రౌన్‌లో విజేత, కెప్టెన్, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు అలుపు లేకుండా పరుగెత్తే మనిషి. పరుగు ఉన్న ఇంట్లో ఇంకో పరుగు కన్నా, పదిమందినీ తన చుట్టూ నిలబెట్టుకునేవాడి అవసరమే ఎక్కువని నా లెక్క.

మొదటి ఏళ్లలో హాడ్జ్ మోసిన బరువు తక్కువది కాదు. అతను మంచి మ్యాచ్ ఆడినా మరుసటి రోజు మాట జడ్ మీదికే మళ్లేది. కానీ 2008 గ్రాండ్ ఫైనల్ చూడండి. ఎదురుగా జీలాంగ్, ఆ కాలపు సింహం. పక్కటెముకల గాయంతోనే బరిలోకి దిగిన హాడ్జ్, రక్షణ వరుసలో నిలబడి ఎగిరొచ్చే బంతుల కింద ఒళ్లు అడ్డం పెట్టాడు. హాథోర్న్ 115, జీలాంగ్ 89. నార్మ్ స్మిత్ పతకం హాడ్జ్‌ది. 2014లో సిడ్నీని 63 పాయింట్లతో చిత్తు చేసినప్పుడు రెండోసారి అదే పతకం. 2013, 2014, 2015 వరుసగా మూడు కప్పులు, మూడింటికీ కెప్టెన్ అతనే. మొత్తం నాలుగు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ కప్పులు), హాథోర్న్ చొక్కాతోనే 305 మ్యాచ్‌లు.

ఇక్కడ హాడ్జ్ పక్షంవాళ్లు తరచూ చేసే ఒక వాదన నాకు నచ్చదు. “జడ్ ఆరు సీజన్లకే వెస్ట్ కోస్ట్‌ను వదిలి వెళ్లిపోయాడు కదా, హాడ్జ్ నిలబడ్డాడు” అంటారు. జడ్ వెళ్లింది సొంత ఊరైన మెల్‌బోర్న్‌కు. మొదటే మెల్‌బోర్న్ క్లబ్బయిన హాథోర్న్‌లో పడి ఉంటే ఆ ప్రయాణం అవసరమే వచ్చేది కాదు. పైగా వెస్ట్ కోస్ట్ నష్టపోయిందని కూడా అనలేం. 2007 చివర జడ్ కోసం కార్ల్‌టన్ ఇచ్చినవాటిలో మూడో పిక్‌తో పాటు జోష్ కెనడీ అనే యువ ఫార్వర్డ్ ఉన్నాడు. ఆ కెనడీ వెస్ట్ కోస్ట్‌కు 712 గోల్స్ కొట్టి, 2018 కప్పు గెలిచిన జట్టులో నిలిచాడు. మూడో వంతులో దొరికిన కుర్రాడి వల్ల ఒక క్లబ్బు ఇంతకన్నా ఏం ఆశించగలదు? హాడ్జ్‌ను సమర్థించడానికి జడ్‌ను తక్కువ చేయాల్సిన పని లేదు.

బాల్ మాటకొస్తే నాకు మా పక్కింటి పెద్దాయన గుర్తొస్తాడు. పుట్టుకతో సెయింట్ కిల్డా మనిషి. ఆ క్లబ్బు చరిత్రలో ఉన్న ఒకే ఒక్క కప్పు 1966 నాటిది, అదీ ఒక్క పాయింటుతో. ఒక ఆదివారం కంచె దగ్గర గులాబీ కొమ్మలు కత్తిరిస్తుంటే నేను నోరుజారి, జడ్‌ను వదిలి బాల్‌ను తీసుకోవడం బాధగా లేదా అని అడిగాను. ఆయన కత్తెర ఆపాడు. “తీసుకున్నందుకు బాధ లేదు. పోనిచ్చినందుకే బాధ” అన్నాడు. అంతే, మళ్లీ కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు.

ఆయన మాటలో పస ఉంది. బాల్ 2005లో ఆల్ ఆస్ట్రేలియన్, ఆ తర్వాత సెయింట్ కిల్డా కెప్టెన్. గాయాలు వేగాన్ని తగ్గించినా బంతి కోసం తల అడ్డం పెట్టే గుణం మాత్రం పోలేదు. 2009 గ్రాండ్ ఫైనల్లో ఓడాక క్లబ్బును వీడి మళ్లీ డ్రాఫ్ట్‌లోకి దిగాడు. ముప్పయ్యో పిక్‌తో కాలింగ్‌వుడ్ తీసుకుంది. మరుసటి ఏడాది గ్రాండ్ ఫైనల్లో ఎదురెదురుగా నిలిచింది కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డాలే. 68–68తో సమం. వారం తర్వాత మళ్లీ ఆడితే కాలింగ్‌వుడ్ 56 పాయింట్లతో గెలిచింది. బాల్ మెడలో పతకం. కంచె అవతలి మనిషికి ఆ వారం ఎలా గడిచిందో నేను అడగలేదు.

డ్రాఫ్ట్ మూడు పేర్లతో ముగిసిపోదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. జడ్ విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. శామ్ మిచెల్ విషయంలో మాత్రం చాలామందికి వాసన తెలియలేదు. పొట్టివాడు, నెమ్మదైనవాడు అన్నారు. 2000 డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. 2001లో 36వ పిక్ దాకా కూర్చోబెట్టారు. ఆ 36 ఫ్రీమాంటిల్ వదులుకున్న నంబరే. కుడికాలో ఎడమకాలో ప్రత్యర్థికి తెలియకుండా తన్నే ఆ మిచెల్ 2008 కప్పు కెప్టెన్ అయ్యాడు, 2012 బ్రౌన్‌లో విజేతల్లో ఒకడిగా నిలిచాడు. అదే డ్రాఫ్ట్‌లో గ్యారీ ఎబ్లెట్ జూనియర్ నలభయ్యో పిక్, డేన్ స్వాన్ యాభై ఎనిమిదో పిక్. ఇద్దరూ బ్రౌన్‌లో పతకం గెలిచినవాళ్లే.

అందుకే నేను హాథోర్న్ ఎంపికను ఒక్క పేరుగా చూడను. హాడ్జ్, మిచెల్ ఒకే బేరంలో వచ్చినవాళ్లు. జడ్ ఒక్కడు ఒకవైపు, వీళ్లిద్దరూ ఒకవైపు అని తూచడం కూడా సరికాదు, ఎందుకంటే జడ్‌ను తీసుకున్నా 36లో మిచెల్ దొరికేవాడే. జడ్, మిచెల్ కలిసి ఆడి ఉంటే అన్న ఊహ నన్నూ ఊరిస్తుంది. అయినా మూడు వరుస కప్పుల జట్టును మైదానం మధ్యలో నిలబడి చేతులూపుతూ సర్దుతున్న హాడ్జ్‌ను తీసేసి ఆ జట్టును నేను ఊహించుకోలేను. ఈ వాదనలో నాకు మిగిలిన చివరి ఆధారం అదే, దాన్ని దాచను.

ఇక ఫ్రీమాంటిల్. మెక్‌ఫార్లిన్ అక్కడ 244 మ్యాచ్‌లు ఆడి, 2012లో ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు, అతన్ని తెచ్చుకోవడం దండగ కాదు. క్రోడ్ మాత్రం రెండు సీజన్లు ఆడి 2003 చివర హాథోర్న్‌కు తిరిగొచ్చేశాడు. 2008 గ్రాండ్ ఫైనల్లో హాడ్జ్, మిచెల్ ఉన్న జట్టులోనే రక్షణ వరుసలో దిగాడు. ఆట మధ్యలో కాలి ఎముక విరిగింది, ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. తనను ఇచ్చి తెచ్చుకున్న ఇద్దరు కుర్రాళ్ల పక్కన, విరిగిన కాలితో, ఆ సాయంత్రం అతనూ ప్రీమియర్‌షిప్ పతకం అందుకున్నాడు.