యెజ్డీ ఇంజిన్‌లో ఏది మైసూరుది కావాలి, ఏది వద్దు

నా దగ్గరున్నది 1984 నాటి యెజ్డీ 250 క్లాసిక్. ఇంజిన్ మొత్తం విప్పి కట్టించి ఐదేళ్లు దాటింది. అప్పటినుంచి అది గుడ్డ కప్పుకొని ఒక్క వారం కూడా కూర్చోలేదు. ఆఫీసుకు, మార్కెట్‌కు, వానలో, మే నెల ఎండలో తిరుగుతూనే ఉంది. పార్టు కొత్తగా ఉన్నప్పుడు మెరుపు చూసి ఎవరైనా మెచ్చుకుంటారు. ఈ సమీక్ష అవి అరిగాక రాస్తున్నది.

ఈ బండికి ‘ఒరిజినల్’ పార్టు షోరూములో దొరకదు. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో జావా మోటార్‌సైకిళ్లతో మొదలై, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు తయారుచేసి, 1996లో మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్లీ వచ్చాయి గానీ, ఆ కొత్త బండ్లవి నీటితో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు. మన టూ స్ట్రోక్‌తో వాటికి చుట్టరికం పేరు వరకే. అంటే ఈరోజు ఒరిజినల్ అని అమ్మే వస్తువు తక్కువలో తక్కువ మూడు దశాబ్దాలుగా ఏ కొట్టు అటక మీదో పడి ఉన్న సరుకు. ఉక్కు పార్టుకు ఆ ముప్పై ఏళ్లు లెక్కలోకి రావు. రబ్బరుకు, కార్క్‌కు, కాగితానికి చూడవలసిందే ఆ ముప్పై ఏళ్లు. పార్టుల కొట్టులో ఈ తేడా ఎవరూ చెప్పరు. పెట్టె మీద మైసూరు అచ్చు ఉంటే చాలు, లోపల ఏమున్నా ఒకటే మురిపెం, ఒకటే ధర.

క్రాంక్ సీళ్ల దగ్గర, అంటే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్టు రెండు కొసల చుట్టూ గాలీ నూనే చొరకుండా అడ్డుపడే రబ్బరు వలయాల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే టూ స్ట్రోక్ ఇంజిన్ ప్రాణమంతా అక్కడే ఉంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు దాని కింది గదిలో, అంటే క్రాంక్‌కేసులో గాలి, పెట్రోలు మిశ్రమం నలిగి పైకి వెళ్లాలి. ఆ గది గాలి చొరకుండా ఉంటేనే అది సాధ్యం. యెజ్డీలో ఎడమవైపు సీలు పోతే, క్లచ్‌ను తిప్పే చైన్ ఉండే పెట్టె, అంటే చైన్ కేసులోని గేర్ ఆయిల్‌ను ఇంజిన్ లోపలికి పీల్చుకుంటుంది. సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ వస్తుంది, గేర్‌బాక్స్‌లో నూనె తగ్గుతుంది. చాలామంది ఈ పొగ చూసి రింగులు మార్పిస్తారు, డబ్బు దండగ. కుడివైపు, అంటే డైనమో వైపు సీలు పోతే పొగ రాదు, అదే ప్రమాదం. బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, హైవే మీద నిండు వేగంలో పిస్టన్ పట్టేస్తుంది. ఇంత పని చేసే సీలును, 1990ల నుంచి ప్యాకెట్లో గట్టిపడుతూ వచ్చిన రబ్బరుతో వేయించడం నాకు అర్థం కాని భక్తి. పాత సీలును చేతిలోకి తీసుకుని దాని లోపలి పలుచని అంచును గోటితో వంచి చూడండి. వెంటనే వెనక్కి రాకపోతే అది సీలు కాదు, జ్ఞాపిక. నేను బేరింగుల కొట్టుకు వెళ్లి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి ఇచ్చి, వైటాన్ అనే రబ్బరు రకం తీసుకున్నాను. మామూలు నైట్రైల్ రబ్బరు కంటే ధర ఎక్కువ. కానీ ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు తయారైన నాటికి అలాంటి ఇంధనం ఎవరి ఊహలోనూ లేదు. ఐదేళ్లలో చైన్ కేసులో నూనె మట్టం తగ్గలేదు, నాకు ఆ రుజువు చాలు.

బేరింగులకు మైసూరు పేరుతో పనే లేదు. ఫ్యాక్టరీ కూడా బేరింగుల కంపెనీల నుంచి కొన్నదే. అంకె చూసుకుని, పేరున్న కంపెనీది, క్రాంక్‌కు సీ3 క్లియరెన్సు, అంటే లోపల మామూలుకంటే కాస్త ఎక్కువ సందు ఉన్నది తీసుకుంటే సరి. వేడికి లోపలి రింగు వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ కాస్త సందు అవసరం. జాగ్రత్త నకిలీ పెట్టెల విషయంలో. రాణిగంజ్ వంటి బజారులో కూడా కంపెనీ అధీకృత డీలరు దగ్గరే బిల్లుతో కొనాలి. సగం ధరకే వచ్చిందంటే అనుమానించడం న్యాయం.

ఇక పిస్టన్. ఇక్కడే నాకు ఎక్కువ డబ్బు, ఎక్కువ ఆలోచన ఖర్చయ్యాయి. ఈ ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోకు 75. అరిగిన కొద్దీ పావు మిల్లీమీటరు చొప్పున బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్ వేస్తూ పోతాం. మొదట నాకు చూపించింది ఒక లోకల్ పిస్టన్. పైకి చక్కగానే ఉంది. తూకం వేయించాను. పాతదానికంటే బాగా బరువు. ఈ బరువు చిన్న విషయం కాదు. క్రాంక్‌లోని ఎదురు బరువులు ఒక నిర్ణీత పిస్టన్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవి, పిస్టన్ బరువెక్కితే హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్టుల్లో వణుకు మొదలవుతుంది. రెండోది, రింగు గాడిలో ఉండే చిన్న పిన్ను. రింగు తిరిగి దాని కొసలు సిలిండర్ గోడలోని పోర్టుకు, అంటే మిశ్రమం, పొగ వచ్చిపోయే రంధ్రానికి తగలకుండా అడ్డుపడేది అదే. చవక పిస్టన్లలో ఈ పిన్ను వదులుగా ఉండడం నేను కళ్లారా చూశాను. అది ఊడితే బోరు మొత్తం గీతలే.

అలాగని మైసూరు పిస్టన్ అంటే కళ్లు మూసుకుని తీసుకోవాలని కాదు. నాకు దొరికిన 0.50 సైజు, అంటే అర మిల్లీమీటరు పెద్దదైన పాత పిస్టన్ లోహం నిక్షేపంగా ఉంది గానీ, దానితో వచ్చిన రింగులకు తుప్పు పట్టింది. పిస్టన్ ఉంచుకుని రింగులు కొత్తవి, పేరున్న రింగుల కంపెనీవి తెప్పించాను. బోరులో పెట్టి కొసల మధ్య సందు కొలిస్తే పావు మిల్లీమీటరు వచ్చింది, అంత ఉంటే మంచిదే. బోరింగ్ మేస్త్రీకి పిస్టన్ ముందే ఇచ్చి, దాన్ని కొలిచాకే కోయమన్నాను. ఇనుప సిలిండర్‌లో అల్యూమినియం పిస్టన్ కాబట్టి రెండున్నర థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) సందు, అంటే 0.06 మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, పెట్టించాను. పిస్టన్ తేకుండా సైజు అంకె చెప్పి బోరు కోయించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిస్టన్ పెట్టె మీది అంకెను అంతగా నమ్మేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్, దాని కింది కొస తిరిగే క్రాంక్ పిన్ మాత్రం పాత ఒరిజినల్ దొరికితే వదలకండి. ఇది ఉక్కు గట్టిదనం మీద ఆధారపడే చోటు. పిన్ పైపొర సరిగ్గా గట్టిపడకపోతే రోలర్లు దాన్ని కొన్ని వేల కిలోమీటర్లలోనే చెక్కేస్తాయి, ఆ లోపం కొనేటప్పుడు కంటికి కనిపించదు. రాడ్ పైభాగంలో, పిస్టన్‌ను పట్టి ఉంచే గడ్జన్ పిన్ తిరిగే బుష్‌ను లేత్ మీద చేయించవచ్చు, తప్పులేదు. ఫాస్ఫర్ బ్రాంజ్ కావాలని ముందే చెప్పాలి, లేదంటే దగ్గరున్న ఇత్తడి కడ్డీయే బిగిస్తారు. నూనె రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి.

గేర్లు, షాఫ్టులు, కిక్ కొట్టినప్పుడు ఇంజిన్‌ను తిప్పే పళ్ల చక్రం (కిక్కర్ రాచెట్): వీటికి మరో మాట లేదు. వాడిన పాతవైనా పళ్ల అంచులు బాగుంటే కొత్త నకలు కంటే మేలు. నా రెండో గేరు తుక్కు బండి నుంచి వచ్చింది, ఇప్పటికీ ఒక్కసారి కూడా జారలేదు. ఒక స్నేహితుడు కొత్తగా కొన్న నకలు గేరు ఏడాదిలోపే పళ్లు నలిగి, చైన్ కేసులోని నూనెను వెండి రంగుకు మార్చింది.

క్లచ్ కార్క్ ప్లేట్లు సీళ్ల కోవలోవే. ప్యాకెట్లోని పాతవి ఎండిపోయి బిళ్లలు రాలిపోతాయి. కొత్తగా కార్క్ వేసినవి తీసుకుని, ఒక రాత్రి గేర్ ఆయిల్‌లో నానబెట్టి బిగించాలి. గేరు లీవరు నొక్కగానే దానంతటదే విడిపోయే ఈ బండి సెమీ ఆటోమేటిక్ క్లచ్ సర్దుబాటు అటూ ఇటూ అయితే ఎంత మంచి ప్లేట్లయినా జారతాయి, దాన్ని పార్టు మీదికి నెట్టకూడదు.

ప్యాకింగుల సెట్టు గురించి ఒకే హెచ్చరిక. లోకల్ సెట్టులో సిలిండర్ కింద వేసే ప్యాకింగ్ అట్టలాగా మందంగా ఉంటుంది. అది సిలిండర్‌ను పైకి లేపితే పోర్టుల టైమింగ్ మారుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది. పాతదాని మందం కొలిచి, ప్యాకింగ్ షీటు కొని కత్తిరించుకున్నాను. ఖర్చు దాదాపు సున్నా.

స్పార్కు ఇచ్చే పాయింట్లకు జతగా ఉండే కండెన్సర్ విషయంలో పాతది, చవక కొత్తది రెండూ సమానంగా పనికిరావు. పాతది ఏళ్లకేళ్లకు లోపల దెబ్బతింటుంది, చవకది వేడెక్కగానే మొరాయిస్తుంది. కారులో వాడే, ఇంచుమించు 0.22 మైక్రోఫారడ్ ఉన్నదాన్ని ఇంజిన్ వేడి తగలని చోట, ట్యాంకు కింద బిగించాను. చూడడానికి అందంగా లేదు. షోలకు తీసుకెళ్లేవాళ్లు ఒప్పుకోరు. ఎండలో సిగ్నల్ దగ్గర ఆగిన తరువాత మళ్లీ ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యే బండి నాకు ముఖ్యం.

ఇన్నేళ్లు తిరిగాక లెక్క ఇలా ఉంది. బిగ్ ఎండ్‌లో, అంటే రాడ్ కింది కొసలో శబ్దం లేదు. సీళ్లు, బేరింగులు తాకలేదు. కార్క్ ప్లేట్లు ఒకసారి మార్చాను. లీటరుకు 40 మిల్లీలీటర్లు, అంటే 1:25 పాత లెక్కనే నూనె కలుపుతున్నాను, కాకపోతే ఇప్పటి 2టీ (టూ స్ట్రోక్) నూనె వల్ల పోర్టుల్లో మసి తక్కువ. నచ్చనిది ఒకటుంది. పిస్టన్ చప్పుడు చల్లగా ఉన్నప్పుడు గలగలమంటోంది, వేడెక్కితే తగ్గుతోంది. బోరు అరుగుతోందన్నమాట, ఇంకో ఏడాదో రెండేళ్లో మళ్లీ కోయించాలి. మార్కెట్లో 0.75 సైజు మైసూరు పిస్టన్లు తగ్గిపోతున్నాయి, ధర లోకల్ దానికి మూడు రెట్లు పలుకుతోంది. అయినా దొరికినప్పుడే ఒకటి కొని, తూచి, నూనె రాసి బీరువాలో పెట్టుకున్నాను. దానితో వచ్చిన రింగులను అప్పుడే తుక్కులో వేశాను.