కట్ట లేని చెరువులు: మనాలి కొండల్లో మా రాత్రులు

రాత్రి పదకొండింటికి బావ గుడారం జిప్పు లాగి, తల బయటపెట్టి, సాయంత్రం తిన్నదంతా కక్కేశాడు. మేమున్న చోటి పేరు రోలా ఖోలీ, సుమారు 3,800 మీటర్ల ఎత్తు. ముందు రాత్రి పడుకున్నది మనాలిలో, అంటే దాదాపు 2,050 మీటర్ల దగ్గర. అంతకు నాలుగు రోజుల ముందు అనంతపురంలో, 335 మీటర్ల దగ్గర. తెల్లారితే 4,235 మీటర్ల ఎత్తున్న భృగు సరస్సుకు నడవాలి. నడవలేదు. వెలుగు రాగానే బావ సంచి నేను తగిలించుకుని, ఇద్దరం గులాబా వైపు దిగిపోయాం. దిగేకొద్దీ తలనొప్పి దానంతట అదే వదిలింది. రోడ్డు మీదికి వచ్చేసరికి బావ టీ అడిగాడు.

ఒంటికి అలవాటు కాకుండా ఒక్క రోజులో అంత ఎత్తెక్కితే వచ్చే తలనొప్పి, వాంతులు అవి. తప్పు కొండది కాదు, మేము కొన్న ప్యాకేజీది. రెండు పగళ్లు, ఒక రాత్రి అన్నారు. తక్కువ ధర, తక్కువ సెలవులు అని మేమూ ఎగబడ్డాం. మూడు వేల మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటికంటే ఐదు వందల మీటర్లకు మించి పైన ఈ రాత్రి పడుకోకూడదన్నది కొండలెక్కేవాళ్ల పాత లెక్క. అదే దారిలో మూడు వేల పైచిలుకు మీటర్ల దగ్గర ఒక రాత్రి ఆపి తీసుకెళ్లే సంస్థలూ ఉన్నాయి. వాళ్లకు ఒక రోజు డబ్బు అదనంగా ఇవ్వాలి. మాకు మిగిలిన ఆ డబ్బు, చూడని సరస్సుకు కట్టిన రుసుము అనుకున్నాం. మా గైడు మంచి పిల్లవాడే, రాత్రంతా వేడినీళ్లు కాచి ఇచ్చాడు. కానీ వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న పరికరం కూడా ఆ సంస్థ అతనికి ఇవ్వలేదు. నాకిచ్చిన స్లీపింగ్ బ్యాగుకు జిప్పు లేదు, నాలుగు పిన్నీసులు ఉన్నాయి.

అన్నం సంగతీ చెప్పాలి. ఆ ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కర్ తేని శిబిరంలో గంటసేపు ఉడికినా మెతుకు మధ్యలో పలుకు మిగిలింది. బావ ఒక్కో మెతుకు నలిపి చూసి, "ఇది అన్నం కాదు, అక్షింతలు" అన్నాడు. అప్పటికి ఇంకా బాగానే ఉన్నాడు.

మరుసటి ఏడు దసరా సెలవులకు బియాస్ కుండ్ పెట్టుకున్నాం. ఈసారి సరస్సు ఎత్తు చూడలేదు, పడుకునే చోటి ఎత్తు చూశాం. మనాలిలో రెండు రాత్రులు ఊరికే ఉన్నాం. మూడో రోజు సోలంగ్ మీదుగా ధుంది దాకా జీపు. 2020లో తెరిచిన అటల్ సొరంగం దక్షిణపు ముఖం ఆ పక్కనే ఉంది కాబట్టి రోడ్డు నున్నగా ఉంది. అక్కణ్ణుంచి నాలుగు గంటలు నడిస్తే బకర్ థాచ్ పచ్చిక, సుమారు 3,300 మీటర్లు. గుడారాలు అక్కడే. మర్నాడు నీళ్లసీసా, స్వెట్టరు మాత్రం తీసుకుని 3,700 మీటర్ల దగ్గరున్న కుండ్ చూసి, మళ్లీ బకర్ థాచ్‌కే వచ్చి పడుకున్నాం. పైకెక్కడం, కిందికి దిగి నిద్రపోవడం. ఎవరికీ తల కూడా బరువెక్కలేదు.

కుండ్ దగ్గర మా ఇద్దరికీ ఒకటే అనుమానం. చెరువంటే మనకు కట్ట, తూము, మరువ (అలుగు). బుక్కరాయసముద్రం కట్ట మీద ముసలమ్మ కథ వింటూ పెరిగినవాళ్లం. మనిషి ప్రాణం ఇస్తేగాని కట్ట నిలవదని నమ్మిన ఊళ్లు మావి. ఇక్కడ కట్ట ఎవరు పోశారు? గైడు చెయ్యి చాపి చూపించాడు. మేము గంటసేపు గోళ్లూడేలా దాటి వచ్చిన రాళ్ల గుట్టే కట్ట. మంచునది కొండను గీరి, ఆ రాళ్లను తోసుకొచ్చి, కరిగి వెనక్కి తగ్గుతూ వదిలేసి పోయింది. దాని వెనక నిలిచిన నీళ్లే ఈ కుండ్. ఒక అంచున రాళ్ల సందుల్లోంచి పాదం మునిగేంత నీరు జారుతోంది. బియాస్ నది మొదలు అక్కడే. "మరువ పారుతోంది" అన్నాడు బావ. తాడిపత్రిలో బండలు కోయించే మనిషి కదా, కాసేపు నీళ్లను మరిచిపోయి రాళ్లు తట్టి చూస్తూ తిరిగాడు. ఏవీ పాలిష్‌కు పనికిరావని తేల్చాడు.

ఈ యాత్రలో తిండి మా చేతుల్లో పెట్టుకున్నాం. ఇంటి నుంచి బొరుగులు, పప్పుల పొడి, ఎండుమిర్చి తెచ్చాం. గాలి ఒత్తిడి తగ్గి బొరుగుల ప్యాకెట్టు దిండులా ఉబ్బింది. ఉగ్గానికి నీళ్లు మరగనక్కర్లేదు. తడిపి, పిండి, తాలింపు వేస్తే అయిపోయింది. శిబిరం వంటమనిషి రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. అతని రాజ్మా కూడా బాగుంది, ఇక్కడ కుక్కర్ ఉంది. గుడారం లోపలి గుడ్డ మాత్రం పొద్దున్నే తడిసి ముద్దయింది. వాన కాదు, మా ఊపిరే. పైనున్న చిన్న కిటికీ కొద్దిగా తెరిచి పడుకోవాలని రెండో రాత్రికి తెలిసింది.

అమ్మతో వెళ్లింది పరాశర్ సరస్సు. మండి నుంచి యాభై కిలోమీటర్ల లోపు, 2,730 మీటర్లు, జీపు దాదాపు పైదాకా పోతుంది. మూడంతస్తుల చెక్క గుడి, నీళ్లలో తేలే గుండ్రటి గడ్డి దిబ్బ. సరస్సు చుట్టూ కంచె ఉంది, నీళ్లు ముట్టనివ్వరు. అమ్మ నొచ్చుకుంది, నాకు మాత్రం సబబే అనిపించింది. అటవీ శాఖ విశ్రాంతి గృహంలో గదులు కొద్దే, ముందే పట్టుకోవాలి. ఉత్తరాఖండ్‌లో సారి గ్రామం పైనున్న దేవరియాతాల్ సరస్సు ఇంకా సులువు. పచ్చిక మైదానాల్లో రాత్రి బసను 2018లో అక్కడి హైకోర్టు నిషేధించింది కాబట్టి సారిలో ఎవరి ఇంట్లోనైనా పడుకుని, చీకటితోనే ఎక్కి నీళ్లలో చౌఖంబా శిఖరం నీడ చూసి రావడం మేలు.

సామాను మనాలిలో అద్దెకు దొరుకుతుంది. జిప్పు రెండుసార్లు లాగి చూడండి, లోపల ముక్కు పెట్టి చూడండి. బూట్లు మాత్రం అద్దెకు వద్దు. నావి గుత్తి కోట మీద నాలుగు ఆదివారాలు, వీపున ఎనిమిది కిలోల నీళ్లసీసాలతో నలిగాయి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు పరీక్ష. ఎత్తుకు వాడే మాత్రలు డాక్టరును అడిగే వేసుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

జులై, ఆగస్టుల్లో అటు వెళ్లకండి. 2023 జులైలో ఇదే బియాస్ మనాలి రోడ్డును చాలాచోట్ల మింగేసింది. దసరా సెలవులే మనకు కుదిరేది. కర్ణాటక ఎక్స్‌ప్రెస్ రాత్రి అనంతపురంలో ఎక్కితే ఢిల్లీకి రెండు రాత్రులు, ఒక పగలు. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు. బావ క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టాడు. పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: భృగు, మూడు రాత్రులు, కుక్కర్.