బోరు పాయింట్ పెట్టించుకునేవాళ్ళకి జాగ్రత్త: రాడ్లు నిజంగానే తిరుగుతాయి, అక్కడే పడిపోతాం

దేవరకొండ వైపు రెండెకరాలు కొన్నాం. బత్తాయి పెడదామని బోరు వేయించబోయి 1,58,500 రూపాయలు భూమిలో పోశాను. ఈ ఎండాకాలం బోరు వేయించే ఆలోచనలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ‘రాగి రాడ్లతో నీళ్ళు చూస్తాం’ అనేవాళ్ళకి అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్ళు, ఒకసారి ఇది చదవండి.

మా వైపు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచేవాళ్ళున్నారు, వేప పంగలపుల్ల పట్టుకునేవాళ్ళున్నారు. నాకు వాటి మీద ఎప్పుడూ నమ్మకం లేదు. కానీ వచ్చినాయన ప్యాంటూ షర్టూ వేసుకుని, ఎల్ ఆకారంలో రెండు రాగి రాడ్లు తెచ్చి ‘ఇది సైన్స్ సార్’ అన్నాడు. చేనంతా తిరిగి ఒకచోట ఆగాడు. రాడ్లు రెండూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డాయి. నా మొహంలో అనుమానం కనపడిందేమో, ‘మీరే పట్టుకోండి’ అని రాడ్లు నా చేతికిచ్చాడు. నడిచాను. సరిగ్గా అక్కడికి రాగానే నా చేతుల్లోనే తిరిగాయి. ఒళ్ళు జలదరించింది. నేను తిప్పలేదు కదా, మరి ఎవరు తిప్పారు? ఆ ఒక్క క్షణంలో నా తెలివంతా పోయింది. పాయింట్‌కి 3,000 చొప్పున రెండు పాయింట్లకి అక్కడే ఇచ్చేశాను.

మొదటి పాయింట్‌లో 620 అడుగులు. 300 దాకా అడుగుకి 100, ఆపైన ప్రతి వందకీ రేటు పెరుగుతుంది. నలభై అడుగుల కేసింగ్ అదనం. మూడొందల దగ్గర ఆపేద్దామంటే పాయింట్ పెట్టినాయన ఫోన్‌లో ‘ఇంకో యాభై వెళ్ళండి సార్, కింద పెద్ద పాయ ఉంది’ అన్నాడు. ఆ మాట నాలుగుసార్లు విన్నాను. పొద్దున నాలుగింటికి కూడా బోరు బండి చుట్టూ తెల్లటి రాతి దుమ్మే. 87,500 అయింది. ఆయన్ని అడిగితే ‘బండివాళ్ళు అడుగు పక్కకి దించారు’ అన్నాడు. రెండో పాయింట్ 450 అడుగులు, అర ఇంచు నీళ్ళు కూడా పడలేదు, 65,000. ఈసారి ‘పక్క చేనోళ్ళ బోరు లాగేసింది’ అన్నాడు. ఆయన దగ్గర ప్రతి ఫెయిల్ బోరుకీ ఒక కారణం రెడీగా ఉంటుంది. ఆ కారణాల్లో ఆయన రాడ్లు మాత్రం ఎప్పుడూ ఉండవు.

డబ్బు పోయిన బాధకన్నా, నా చేతుల్లో ఆ రాడ్లు ఎలా తిరిగాయన్నదే నిద్ర పట్టనివ్వలేదు. గ్యాస్ వెల్డింగ్‌కి వాడే రాగి పూత కడ్డీలు రెండు తెచ్చి ఎల్ లాగా వంచాను. పిడి భాగానికి ఖాళీ బాల్‌పెన్ గొట్టాలు తొడిగాను. ఖర్చు అరవై రూపాయలు. పెరట్లో నీళ్ళ తొట్టి మీదుగా నడిస్తే పదికి పదిసార్లు తిరిగాయి! మా బావమరిది ఎగిరి గంతేశాడు, ‘చూశావా బావా, అనవసరంగా ఆయన్ని తిట్టావు’ అని.

అప్పుడు ఒకే రంగు బకెట్లు పది తెచ్చి మూతలు పెట్టాం. మా ఆవిడ ఒక్కదాంట్లో నీళ్ళు పోసి ఇంట్లోకి వెళ్ళిపోయేది. తర్వాత నేను బయటికొచ్చి వెతకాలి. ముప్పైసార్లు చేశాం. కళ్ళు మూసుకుని చెప్పినా మూడు తగలాలి. నాకు తగిలినవి రెండు.

పాయింట్ పెట్టినాయనకి ఫోన్ చేసి ఇది చెప్పాను. నవ్వాడు. ‘నిలవ నీళ్ళకి పనిచెయ్యదు సార్, పారే నీళ్ళకే.’ సరే, అదీ చూద్దామనుకున్నాం. ట్యాంకు నుంచి పైపు లాగి మట్టి కప్పాం. బావమరిది షెడ్డు వెనక రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే వాల్వు తెరవాలి, బొరుసు పడితే మూయాలి. నీళ్ళు పారుతున్నాయో లేదో నేను చెప్పాలి. ఇరవైకి పదిహేడు కరెక్ట్! నిజం చెప్పొద్దూ, చేతులు వణికాయి. తీరా చూస్తే పైపు చివర నీళ్ళు పడే చప్పుడు సన్నగా వినపడుతోంది. ఆ చివరను దూరంగా కాలువలోకి తిప్పి మళ్ళీ చేశాం. ఇరవైకి తొమ్మిది. బావమరిది పట్టుకుంటే పదకొండు. బిళ్ళ ఎగరేసినా అంతే వస్తుంది.

ఇదే పని జర్మనీలో పెద్ద ఎత్తున చేశారని తర్వాత చదివాను. 1990లో కాసెల్ ఊరి దగ్గర అర మీటరు లోతున ప్లాస్టిక్ పైపు పాతి, నీళ్ళు పారుతున్నాయా లేదా చెప్పమని 30 మందిని అడిగారు. ముందు అందరూ ధీమాగానే ఉన్నారు. ఫలితం మా పెరట్లో లాంటిదే. అంతకుముందు 1987-88లో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో కింద పైపును జరుపుతూ, పై అంతస్తు నుంచి కనిపెట్టమన్నారు. సుమారు 500 మందిలోంచి ఏరిన 43 మంది, మొత్తం 843 ప్రయత్నాలు. చేసినవాళ్ళు కొద్దిమందికి ఆ శక్తి ఉందని రాసుకున్నారు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త ఆ లెక్కలే మళ్ళీ తిరగేసి, అది గుడ్డిగా చెప్పినదానికన్నా మెరుగు కాదని తేల్చాడు.

మరి తిప్పేదెవరు? మనమే. కడ్డీ దాదాపు సమంగా ఉన్నప్పుడు మణికట్టు వెంట్రుకవాసి వంగినా దాని కొస పల్లానికి జారుతుంది. ‘ఇక్కడ నీళ్ళున్నాయి’ అని మనసులో పడితే చెయ్యి మనకు తెలియకుండానే వంగుతుంది. విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు 1852లోనే దీనికి ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు. ఆ రోజు చేనులో రాడ్లాయన ఎక్కడ ఆగాడో నేను చూశాను కాబట్టే అక్కడ తిరిగాయి. అందుకే ఆయన్ని పూర్తిగా మోసగాడనీ అనలేను, తన రాడ్లను తనే నమ్ముతున్నాడేమో. నా డబ్బు మాత్రం పోయింది.

‘మా ఊళ్ళో వంద పాయింట్లు పడ్డాయి’ అంటారు. వానలు బాగా పడిన ఏడు, పైన మెత్తబడిన రాతి పొర మందంగా ఉన్నచోట, ఎవరు ఎక్కడ వేసినా కొంత నీరు పడుతుంది. మాది గ్రానైట్ నేల. ఇక్కడ కింద నదులూ పాయలూ ఉండవు, ఆ మెత్తటి పొరలోనూ రాతి పగుళ్ళలోనూ నీరుంటుంది. పగులు తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. పడిన వంద చెప్పినవాణ్ణి పడనివెన్నో కూడా అడగండి.

ఇంకో రకం కూడా వచ్చింది. రెండు యాంటెన్నాలున్న ‘లాంగ్ రేంజ్ వాటర్ డిటెక్టర్’ కొనమని నాకు 38,000 చెప్పారు. కొనకండి. పిడి మీద అటూ ఇటూ ఊగే యాంటెన్నా ఉన్న ఏడీఈ 651 అనే యంత్రాన్ని బాంబులు పట్టేస్తుందని చెప్పి ఇరాక్‌కి అమ్మాడు జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటన్ వ్యాపారి. లోపల పనిచేసేది ఏమీ లేదు. 2013లో బ్రిటన్ కోర్టు అతనికి పదేళ్ళ జైలు వేసింది. దాన్ని నమ్మిన చెక్‌పోస్టుల దగ్గర జనం చచ్చిపోయారు, మనకి పోయేది డబ్బే.

మూడో బోరుకి జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే చేయించాను. నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలిచి, నేల కరెంటుని ఎంత అడ్డుకుంటోందో లెక్క కడతారు; నీరున్న రాయి ఎండు రాయికన్నా తక్కువ అడ్డుకుంటుంది. బయటి మేకుల్ని దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. ఇదీ గ్యారంటీ కాదని ఆయనే ముందు చెప్పాడు, అది నాకు నచ్చింది. 190 అడుగుల దగ్గర ఇంచున్నర పడింది. ఒక్క బోరుతో ఏదీ రుజువు కాదు, నా అదృష్టమూ కావచ్చు. అయితే జియాలజిస్టు అని చెప్పుకుని ఐదు నిమిషాల్లో ఫోన్‌లో రంగుల బొమ్మ చూపించేవాళ్ళూ తిరుగుతున్నారు. మేకులు, వైర్లు, రీడింగుల కాగితం లేకపోతే డబ్బులివ్వకండి. ముందు జిల్లా భూగర్భ జల శాఖ ఆఫీసులో అడగండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా తీసుకోండి. ఫెయిలైన బోర్లు తెరిచి వదలకండి, పిల్లలు పడతారు. మావి రెండూ అదే వారం మట్టితో నింపించాను.

రాడ్లాయన ఇంకా ఫోన్ చేస్తున్నాడు, మూడో పాయింట్ సగం రేటుకే పెడతాడట. పది బకెట్లూ మూతలూ పెరట్లోనే ఉన్నాయి, వచ్చి నీళ్ళున్న బకెట్ చూపిస్తే రేటు రెట్టింపు ఇస్తానన్నాను. ‘నెట్‌వర్క్ సరిగా లేదు సార్’ అని పెట్టేశాడు.