హోమ్‌రన్ కొడితే సినిమా గెలిచినట్టేనా?

బేస్‌బాల్ సినిమాల్లో నాకు అస్సలు నచ్చని సీన్ ఏదని అడిగితే తడుముకోకుండా ‘ద నేచురల్’ క్లైమాక్స్ అని చెబుతాను. 1984లో వచ్చిన సినిమా, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ హీరో. చొక్కా మీద రక్తం మరక, స్లో మోషన్‌లో ఒక్క దెబ్బ, హోమ్‌రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది). బంతి వెళ్లి స్టేడియం లైట్లకు తగిలి నిప్పురవ్వలు వానలా కురుస్తాయి. చిత్రీకరణ గొప్పగా ఉంటుంది, రాండీ న్యూమన్ సంగీతం ఇంకా గొప్పగా ఉంటుంది. కానీ 1952లో బెర్నార్డ్ మాలమూడ్ రాసిన మూల నవలలో ఆ చివరి అవకాశంలో హీరో బంతిని కొట్టలేక స్ట్రైక్ అవుట్ అవుతాడు. ఆ కథ బలమంతా ఆ ఓటమిలోనే ఉంది. దాన్ని తీసేసి సినిమావాళ్లు బాణసంచా కాల్చారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టగలిగితే చాలు, బేస్‌బాల్‌లో మంచి బ్యాటర్ కింద లెక్క. మిగతా ఏడుసార్లు తల దించుకుని డగౌట్‌కు (జట్టు కూర్చునే చోటుకు) నడవాల్సిందే. ఆ భయం ఊసే ఎత్తని సినిమా ఎంత అందంగా తీసినా నా మనసుకు ఎక్కదు.

‘మనీబాల్’ (2011)కు ఆ భయం బాగా తెలుసు. అందులో బ్రాడ్ పిట్ కంటే నాకు ఎక్కువ గుర్తుండేది క్రిస్ ప్రాట్ వేసిన స్కాట్ హాటెబర్గ్ పాత్ర. క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడిగా) ఆడుతూ మోచేయి పాడై, బంతి సరిగ్గా విసరలేని స్థితికి వచ్చినవాడు. ఓక్‌లాండ్ జట్టు జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ (బ్రాడ్ పిట్) ఇంటికొచ్చి, ఎప్పుడూ ఆడని ఫస్ట్ బేస్ అనే ఫీల్డింగ్ స్థానంలో ఆడమంటాడు. ‘అదేమంత కష్టం కాదు, కావాలంటే ఇతన్ని అడుగు’ అని ధైర్యం చెప్పబోతాడు. పక్కనే ఉన్న కోచ్ వాషింగ్టన్ మాత్రం చాలా కష్టమని ఉన్నమాట చెప్పేస్తాడు. తర్వాత ఒకచోట తోటి ఆటగాడు డేవిడ్ జస్టిస్, నీకు అన్నిటికన్నా ఏమంటే భయం అని అడిగితే, బంతి నా వైపు రావడం అంటాడు హాటెబర్గ్. జస్టిస్ నవ్వి, నిజం చెప్పు అంటాడు. నిజంగా అదే, అని జవాబు.

2002 సెప్టెంబర్ 4న కాన్సస్ సిటీ మీద 11-0 ఆధిక్యం కరిగిపోయి స్కోరు 11-11 అయ్యాక, పించ్ హిట్టర్‌గా (ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కు) దిగింది ఆ మనిషే. జరిగినదే అయినా, ఫలితం తెలిసినా, చూస్తుంటే టెన్షనే. హోమ్‌రన్ కొడతాడు, ఓక్‌లాండ్‌కు అది వరుసగా ఇరవయ్యో గెలుపు. అతని భయం ముందే చూశాం కాబట్టి ఈ హోమ్‌రన్ నమ్మబుద్ధేస్తుంది. పైగా సినిమా అక్కడితో ఆగదు, ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటా చేతిలో ఓడిపోవడమూ చూపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ సినిమా అన్యాయం చేసింది. ఆ జట్టుకు వెన్నెముక హడ్సన్, మల్డర్, జీటో అనే ముగ్గురు పిచ్చర్లు (బంతి విసిరేవాళ్లు). ఆ ఏడాది జీటోకు ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) తెహాడాకు ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు వచ్చాయి. సినిమా చూస్తే వీళ్లు ఉన్నట్టే అనిపించదు.

మహిళల బేస్‌బాల్ లీగ్ మీద తీసిన ‘ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్’ (1992) అనగానే అందరూ టామ్ హాంక్స్ అరుపుల సీన్ చెబుతారు. సరదాగానే ఉంటుంది. నాకు మాత్రం కొన్ని సెకన్ల సీన్ ఒకటి చాలు. బంతి దొర్లుకుంటూ మైదానం పక్కకు పోతుంది. అక్కడున్న ఒక నల్లజాతి మహిళ దాన్ని తీసి, దగ్గర్లో చెయ్యి చాచి నిలబడ్డ హీరోయిన్ డాటీని దాటించి, వెనకాల దూరంగా ఉన్న అమ్మాయికి బలంగా విసురుతుంది. ఆ విసురు చూస్తేనే తెలుస్తుంది, ఆమె ఆ జట్టులో ఉండాల్సిన మనిషి. 1943 నుంచి 1954 దాకా నడిచిన ఆ మహిళల లీగ్ నల్లజాతి క్రీడాకారిణి ఒక్కరినీ తీసుకోలేదు. ఉపన్యాసం అక్కర్లేకుండా ఒక్క త్రోతో అదంతా చెప్పేశారు.

చనిపోయిన పాత ఆటగాళ్లు ఒక మైదానానికి తిరిగొచ్చి ఆడే ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ (1989)లో తండ్రీకొడుకుల సీన్ కంటే నాకు మూన్‌లైట్ గ్రాహమ్ సీన్ ఇష్టం. నిజంగా ఉన్న మనిషే. 1905లో న్యూయార్క్ జెయంట్స్‌కు ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు, బ్యాటింగే రాలేదు, తర్వాత డాక్టరయ్యాడు. సినిమాలో మళ్లీ కుర్రాడై ఆడుతున్నవాడు, పాపకు ఊపిరాడట్లేదని తెలిసి మైదానం గీత దగ్గర ఆగుతాడు. దాటితే తిరిగి రాలేడు. దాటేస్తాడు, ముసలి డాక్టరైపోతాడు. ఇంత మంచి సినిమాలో పాతకాలపు స్టార్ షూలెస్ జో జాక్సన్ చేత కుడిచేతి బ్యాటింగ్ చేయించడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆయన ఎడమచేతి బ్యాటర్ అని ఆట తెలిసినవాళ్లందరికీ తెలుసు.